తొమ్మిదో రీలులో ఇందిరాదేవి

వేసవి సెలవుల్లో గౌరీశంకరం మాస్టారి మధ్యాహ్నాలకి ఒక పద్ధతి ఉండేది. భోజనం చేసి, వక్కపలుకు నోట్లో వేసుకుని, వీధరుగు మీద పడక్కుర్చీలో వాలి, పేపరు మొహాన కప్పుకునేవాడు. పేపరు లేచి పడుతూ ఉంటే నిద్ర పట్టినట్టు. లోపల ఇందిరాదేవి రాత్రికి కూర తరుక్కుంటూ ఉండేది. పధ్నాలుగేళ్ళ కాపురంలో ఆ పద్ధతి తప్పింది ఒక్క ఎనభై అయిదో సంవత్సరం మే నెలలోనే. ఆ నెల మా ఊరి హాల్లోకి ‘మళ్ళీ చింతలతోపు బంగళా’ మరోసారి వచ్చింది.

ఇప్పుడంటే ఆడిన ప్రతి సినిమాకీ రెండో భాగం తీస్తున్నారు గానీ, ఆ రోజుల్లో అది వింత. మొదటి బంగళాలో దెయ్యం చచ్చిపోయింది. దెయ్యం చచ్చిపోవడమేమిటని అమలాపురం కాలేజీలో నేనూ గౌరీశంకరమూ వారం రోజులు వాదించుకున్నాం. మా వాదన విన్నారో ఏమో, డెబ్భైలో రెండోది తీశారు. మొదటిదాని కంటే రెండోదే గొప్పదని హాస్టలు మొత్తం తీర్మానించింది. గౌరీశంకరం దాన్ని ఏడుసార్లు చూశాడు. చదివిన పాఠ్యపుస్తకం ఏదీ అన్నిసార్లు తిరగెయ్యలేదు.

అందులో తొమ్మిదో రీలు ముఖ్యం. దెయ్యం లాంతరు పట్టుకుని మేడ మెట్లు దిగి, పొడుగాటి వరండా వెంట నడుస్తుంది. ఆ నడకంతా రెప్ప వెయ్యకుండా చూసినవాళ్ళు ఆ వరండాలో ఉండిపోతారు. మనిషి మామూలుగా ఇంటికెళ్ళి అన్నం తింటాడు. ఆ పూట తాలూకు మనిషి మాత్రం అక్కడ స్తంభాన్ని ఆనుకుని నిలబడే ఉంటాడు, అదే వయసుతో, అదే చొక్కాతో. ఆ ప్రింటు కోనసీమ దాటి పోలేదు గనక వరండా నిండా మనవాళ్ళే. కొబ్బరికాయలు దింపే బంగారయ్య పోయి ఆరేళ్ళయినా, వాళ్ళావిడ కనకమ్మ ప్రతి ఆటకీ నేల టిక్కెట్టు కొనుక్కుని, లాంతరు వెలుగు ఆయన మీద పడగానే, “ఆ తలగుడ్డ సరిగ్గా కట్టుకోవయ్యా!” అని కేకేసేది.

గౌరీశంకరం వరండాలో లేడు. ఏడుసార్లూ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచే చూశాడు. అలాంటివాళ్ళని దెయ్యం లెక్కలోకి తీసుకోదు. ఈసారీ వేళ్ళు అడ్డం పెట్టుకున్నాడు గానీ, పదిహేనేళ్ళు మీద పడి వేళ్ళ మధ్య సందు కాస్త వెడల్పయింది. ఆ సందులోంచి నాలుగో స్తంభం దగ్గర ఇందిరాదేవి కనిపించింది. పద్దెనిమిదేళ్ళు. రెండు జడలు, వోణీ. మిగతా అందరి మొహాలూ పాలిపోయి ఉంటే ఆ పిల్ల ఒక్కతే నవ్వుతోంది.

మర్నాటి నుంచి పడక్కుర్చీ ఖాళీ. భోజనం కాగానే గొడుగు పుచ్చుకుని మ్యాట్నీకి.

“పులుసులో ఉప్పు సరిపోయిందాండీ?” అని అడిగింది ఇందిరాదేవి ఒకనాడు.

“ఆ వోణీ ఏం రంగే?” అన్నాడాయన. బొమ్మ నలుపూ తెలుపూ కదా మరి.

“నాకేం గుర్తు!” అంది. నెమలికంఠం రంగు. కుట్టించిన రోజుతో సహా గుర్తుంది. చెప్పలేదు.

సంగతి ఆయన అక్కగారు అచ్చయమ్మ దాకా వెళ్ళింది. ఆవిడ వచ్చి పీట వాల్చుకుని కూచుంది.

“నీ మీద నీకే ఏడుపేమిటే పిచ్చిదానా? ఎవరిని చూస్తేనేం, నిన్నేగా చూస్తున్నాడు!”

“పరాయిదైతే జుట్టు పట్టుకుని అడుగుదును వదినగారూ. దీని జుట్టు పట్టుకుంటే నాకేగా నొప్పి! రోజూ నేను ఎదురుగా నిలబడి వడ్డిస్తే కంచం వంక చూస్తారు. అక్కడికి వెళ్ళి దాన్ని చూస్తారు. అది ఆయనకి ఏనాడైనా మజ్జిగ చుక్క పోసిందా?”

అచ్చయమ్మ పీట గోడకి చేరేసింది. కాఫీ తాగి వెళ్ళిపోయింది.

బుధవారం నాడు గౌరీశంకరం సంచీ సర్దుకున్నాడు. శుక్రవారం నుంచి బొమ్మ కొత్తపేటలో ఆడుతుందట.

“అక్కడ మా స్నేహితుడు వరప్రసాదం ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడు. వాళ్ళింట్లో రెండు వారాలుంటాను. తరవాత రాజోలు.”

“రాజోల్లో ఎవరున్నారు?”

“చూడాలి.”

“బావి పూడిక తీయిస్తానన్నారు.”

“వచ్చాక.”

బట్టలు మడతపెడుతూ ఆవిడ ఆయన మొహం తేరిపార చూసింది. మీసానికి రంగు! తన పెళ్ళిలో కూడా గడ్డం గీయించుకోవడం మరిచిపోయి వచ్చిన మనిషి. ఆ రాత్రి ఆవిడ పక్క మీద పడుకుని లెక్కేసుకుంది. సెలవులయ్యేదాకా ఆ పిల్ల వెంట ఊరూరా తిరుగుతాడు. తిరిగొచ్చేది పంచెలు ఉతికించుకోవడానికే.

గురువారం పొద్దున్నే హాలు వెనక మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి వెళ్ళింది. ఆపరేటరు సాలమోను రీళ్ళు తుడుస్తున్నాడు. తెగిన ఫిలిం కత్తిరించి, కొసలు గీకి, జిగురు రాసి అతకడంలో అతన్ని మించినవాడు గోదావరికి ఇవతల లేడు. కొన్ని సినిమాల్లో కథ ఎలా నడవాలో కూడా అతనే తేల్చేవాడు.

“సాలమోనూ, తొమ్మిదో రీలులో నాలుగో స్తంభం తీసెయ్యాలి.”

“అమ్మగారూ, అక్కడున్నది తవరే కదండీ!”

“అందుకే తీసెయ్యమంటున్నాను.”

సాలమోను పంచె కొసతో చేతులు తుడుచుకున్నాడు. “తియ్యొచ్చండి. లాంతరు ఒక్కొక్కరి మీదే పడుద్ది గాబట్టి పక్కోళ్ళకేం కాదు. కానీ ముక్క ఇక్కడ పారెయ్యకూడదండి. రాజోల్లో ఒకాయన అలాగే పారేయించుకున్నాడు. ఆ ఏడాది ఆయన ఒంట్లోంచి పోయింది. పాపం, సొంత చెల్లెలి పెళ్ళి గురించి కూడా పక్కింటోళ్ళని అడిగి తెలుసుకుంటాడు.”

“పట్టుకుపోతే?”

“ఆ వయసు ఒంట్లోకి తిరిగొస్తుందండి. ఇప్పటి బుద్ధి ఎక్కడికీ పోదు. రెండూ కలిసి ఉంటాయి. కొందరికి కుదురుద్ది, కొందరికి కుదరదు.”

“సరే, కత్తెర ఇలా ఇయ్యి.”

ఫిలిం కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గోరంత గోరంత గళ్ళల్లో వరసగా ఆ పిల్ల. పక్కనుంచి దెయ్యం పోతూంటే ఆ పిల్ల కన్నార్పకుండా నవ్వుతోంది. ఇందిరాదేవికి ఒళ్ళు మండిపోయింది. ఏం చూసుకుని దీనికంత ధీమా? పెళ్ళిచూపులకి ఇంకా నెల రోజులున్నాయి. చదువు మానిపిస్తారని తెలీదు. ఏమీ తెలీదు దీనికి. చివరి గడి దాకా చూస్తూ ఉండిపోయింది. ఆ తరవాత రెండు చోట్ల కత్తిరించి, ముక్క చుట్టచుట్టి కొంగున ముడేసుకుంది. సాలమోను కొసలు అతికాడు.

ఇంటికెళ్ళే దారిలో పొలాలకి నీళ్ళు పారే పంట బోదె అడ్డం వచ్చింది. రోజూ చెక్కపలక మీంచి దాటే మనిషి, ఆ వేళ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక్క గెంతు గెంతింది.

ఆ మధ్యాహ్నం బొమ్మ మూడో స్తంభం దగ్గర నుంచి అయిదో స్తంభానికి దూకింది. గౌరీశంకరం వేళ్ళు తీసేసి లేచి నిలబడ్డాడు.

“కూకోండి మాస్టారూ, మీ నీడ పడి మా ఆయన కనబడట్లేదు!” అంది నేల మీంచి కనకమ్మ.

ఆయన వెనక మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. “నాలుగో స్తంభం దగ్గర ఆవిడేరీ?”

“వెళ్ళిపోయేరండి.”

“ఎవరితో?”

ఆ మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో గానీ, వచ్చింది. సాలమోను రీలు మార్చుకుంటూ, “ఒక్కరేనండి. మహా హుషారుగా ఉన్నారు,” అన్నాడు.

మండుటెండలో గొడుగు సంగతి మరిచిపోయి ఇల్లు చేరాడు. అరుగు మీద పడక్కుర్చీలో ఇందిరాదేవి కాలు మీద కాలు వేసుకుని పచ్చి మామిడికాయ ఉప్పద్దుకుని తింటోంది. చీర అదే, మనిషీ అదే. కానీ చూసిన చూపు నాలుగో స్తంభం దగ్గరిది. పదిహేను రోజులుగా ఆయన తెర ఎదురుగా కూచున్నా ఆయన మీద వాలని చూపు, ఇప్పుడు కాళ్ళ దగ్గర మొదలై మీసం దగ్గర ఆగింది. ఫక్కున నవ్వింది.

“ఎవరి కోసమండీ ఆ రంగు?”

“కొత్తపేట వెళ్ళడం లేదు,” అన్నాడు.

“అది నేనడగలేదు.” మరో ముక్క కొరికింది. “ఆ వేళ మా నాన్నగారు మీకు మాటిచ్చేసేక ఇంట్లోకొచ్చి నాతో చెప్పేరు. ఇష్టమా అని నన్నెవరూ అడగలేదు.”

గౌరీశంకరం చేత్తో నుదురు తుడుచుకున్నాడు. ఇన్స్పెక్టరు ముందు పాఠం చెప్పేటప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. “పోనీ, ఇప్పుడు అడుగుతున్నాను.”

“నన్ను బి.ఏ. చదివిస్తారా?”

“చదివిస్తాను.”

“పెళ్ళికి ముందు అందరూ అలాగే అంటారు.” కొంగు దులుపుకుని లేచింది. “ఆలోచించుకుని చెబుతాను.”

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గౌరీశంకరం కుర్చీలో కూచోబోయి, మానేసి, అరుగు చివర ఒద్దికగా కూచుని తలుపు వంక చూశాడు. లోపల ఏదో కూనిరాగం. అది ఆయన ఎరిగిన పాట కాదు.

సూర్యనారాయణ గారని పక్కింటి రైతు పొలం నుంచి వస్తూ ఆగేరు. “ఏం మాస్టారూ, ఎండన పడి కూచున్నారు? అమ్మగారు ఇంట్లో లేరా?”

గౌరీశంకరం గొంతు తగ్గించాడు. పధ్నాలుగేళ్ళలో భార్య గురించి ఎప్పుడూ అలా మాట్లాడి ఎరగడు.

“ఉన్నారండి,” అన్నాడు. “లోపల ఆలోచించుకుంటున్నారు.”