ఇరవై ఆరు మీటర్ల లోతు

నాంపల్లి కోర్టుల వెనక గల్లీలో వకీళ్ళకు నల్లకోట్లు కుట్టే బాలకిషన్, తన దుకాణం గోడకు రెండే రెండు తగిలించుకున్నాడు. ఒకటి కూతురు మృదుల డిగ్రీ పట్టా. రెండోది ఆమె స్కూబా డైవింగ్ కార్డు. కార్డు మరీ చిన్నదని దానికి పెద్ద ఫ్రేమ్ కట్టించాడు. కొలతలివ్వడానికి చేతులు చాచి నిలబడ్డ వకీళ్ళు ఎటూ పోలేరు గనక, ఆ కార్డు సంగతి విని తీరవలసిందే.

"మా బిడ్డ సముద్రం లోపట తిరిగొచ్చింది సార్. పద్దెనిమిది మీటర్ల దాంక దిగొచ్చని రాసిచ్చిన్రు."

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి మృదుల. బషీర్‌బాగ్‌లో బీమా ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రం తండ్రి కోసం దుకాణానికి వచ్చినప్పుడల్లా ఆ ఫ్రేమ్ కనబడకుండా అటు వీపు పెట్టి కూర్చునేది. ఎందుకో తండ్రి ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

సంగతి ఇది. ఆఫీసులో పక్క సీటు లహరి బలవంతం మీద మృదుల డైవింగ్ నేర్చుకుంది. ఈతకొలనులో అంతా సవ్యంగానే జరిగింది. విశాఖ సముద్రంలో నాలుగో డైవ్‌లో, పన్నెండు మీటర్ల లోతున, ముక్కును కూడా కప్పే కళ్ళద్దంలోకి నీళ్ళు వచ్చాయి. ముక్కుతో గాలి వదిలి నీళ్ళు బయటికి పంపాలని తెలుసు. తెలిసిందంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. జంటగా దిగిన లహరి ఆమెను ఆపడానికి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి విదిలించుకుని పైకి తన్నుకుంటూ పోయింది. వాళ్ళతో దిగిన క్లబ్బు పెద్దాయన రిచర్డ్ అంకుల్ మధ్యలో ఆమె కాలు పట్టి ఆపి, నెమ్మదిగా పైకి తెచ్చాడు. ఆ మసక నీళ్ళలో లహరి కాసేపు ఒక్కతే, పడవ నుంచి దించిన తాడు పట్టుకుని ఉండిపోయింది. మర్నాడు అదే డైవ్ మళ్ళీ చేయించి, సరిగ్గా చేశాకే కార్డు ఇచ్చారు. కార్డు ఇవ్వడంలో ఎవరి తప్పూ లేదు. కానీ చెయ్యి విదిలించిన సంగతి ఇద్దరికే తెలుసు. లహరి దాని ఊసే ఎత్తలేదు. అదే మృదులకు మరీ కష్టంగా ఉండేది.

ఆబిడ్స్‌లో ఒక బూట్ల దుకాణం పై అంతస్తులో వాళ్ళ డైవింగ్ క్లబ్బు. ఒక గురువారం సాయంత్రం అక్కడ, ముప్పై మీటర్ల దాకా దిగనిచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సుకు పేర్లు రాసుకుంటున్నారు. లహరి తన పేరు రాసి, కింద మృదుల పేరు కూడా రాయబోయింది. రైల్వేలో పనిచేసి రిటైరైన రిచర్డ్ అడ్డుపడ్డాడు. నాలుగైదు డైవులు చేసిన వాళ్ళకు అడ్వాన్స్‌డ్ దేనికి, ముందు పాతిక డైవులు చేసి నీళ్ళు అలవాటు కానివ్వండి, కార్డు మీద కార్డు పేర్చుకుంటే డైవరైపోతారా అని ఆయన వాదన.

నేర్పే కేథరిన్ మేడం నవ్వింది. "ఒకటే తప్పును పాతికసార్లు చేస్తే, అలవాటయ్యేది ఆ తప్పే అంకుల్."

రెండు మాటలూ న్యాయంగానే ఉన్నాయి. మృదుల మాత్రం రిచర్డ్ మాటను గొడుగులా పట్టుకుంది. తనకు ఇంకా అనుభవం కావాలని, వచ్చే ఏడు చూద్దామని చెప్పి, లహరి మొహం చూడకుండా మెట్లు దిగింది.

అక్కడి నుంచి నడిచి దుకాణానికి వచ్చేసరికి వకీలు సదాశివ అద్దం ముందున్నాడు. ఒంటి మీద కొత్త కోటు. ఇంకా కచ్చా మీదే ఉంది, అంటే పొడుగు తెల్లదారంతో తాత్కాలికంగా కలిపి ఉంచారంతే. పొద్దున్నే వాదన ఉందని, తెల్లదారాలు పీకేసి ఇట్లాగే ఇచ్చేయమని ఆయన బతిమాలుతున్నాడు.

"ఇయ్య సార్," అన్నాడు బాలకిషన్ కోటు విప్పిస్తూ. "పోయినసారి గిట్లనే గుంజుకపోయిన్రు. జడ్జి సాబ్ ముంగట చెయ్యి లేపంగనే భుజం ఊడె. కోర్టంత నవ్వింది. పేరు వొయింది నాది."

సదాశివ తానూ నవ్వుకుంటూ, పాత కోటే తొడుక్కుని పోయాడు. మృదుల ఆ కచ్చా కోటునే చూస్తూ కూర్చుంది.

"నాయినా, గోడ మీది కార్డు తీసెయ్యి. నాది గూడ కచ్చానే."

చెయ్యి విదిలించింది మొదలుకొని ఆ సాయంత్రం క్లబ్బులో తప్పించుకున్నదాకా అంతా చెప్పింది. బాలకిషన్ కత్తెర పక్కన పెట్టి విన్నాడు. గోడ జోలికి పోలేదు.

"ఆ పిల్ల మళ్ళ నీతోనే దిగుతా అంటున్నదా?"

"ఔ."

"నువ్వేమో పాతికసార్లు దిగినంక నేర్చుకుంటా అంటున్నవు. మరి ఆ పాతికసార్లు ఎవరిని జతకు తీసుకపోతవు బిడ్డా? ఎవరి చెయ్యి ఇడుస్తవు?"

బాలకిషన్ సదాశివ విప్పిన కోటు తీసి బల్ల మీద పరిచాడు.

"కచ్చా ఏస్తే తప్పు కాదు. ఏసి మూలకు పెడితే తప్పు. తొడిగి చూడాలె, ఏడ గుంజుతుందో, ఏడ లూజున్నదో. పక్కన మేస్త్రీ ఉండంగనే గట్టిగ కుట్టాలె. నీ మేడం ఉన్నది గద."

మర్నాడు మృదుల కేథరిన్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. మేడం ఓదార్చలేదు, చీవాట్లూ పెట్టలేదు. అడ్వాన్స్‌డ్ అంటే బహుమతి కాదని, తన కళ్ళముందు చేసే ఇంకో ఐదు డైవులని, అయితే ఈతకొలనులో కళ్ళద్దం తీసి మళ్ళీ పెట్టుకోవడం చూపిస్తేనే పేరు రాస్తానని అంది. మూడు వారాలు ఆఫీసు అయిపోగానే కొలనుకే. మొదటి వారం దగ్గుతూ పైకి లేచింది. రెండో వారం పది సెకన్లు ఆగింది. మూడో వారం కళ్ళద్దం లేకుండా కొలను ఈ చివర నుంచి ఆ చివరకు, లహరి భుజం మీద చెయ్యేసి పోయింది. ఆ రోజు పేరు రాసింది రిచర్డే. పెన్ను ఆయన దగ్గరే ఉంది మరి.

విశాఖలో లోతు డైవ్. తాడు వెంట దిగుతుంటే పైన వెలుతురు పలచబడింది, నీళ్ళు చల్లబడ్డాయి. చేతికున్న మీటరు ఇరవై ఆరు చూపించింది. కేథరిన్ ముందుంది. తోడుగా దిగిన రిచర్డ్ పక్కకు తిరుగుతుంటే, ఆయన కాలికి తొడిగిన ఈత రెక్క వచ్చి మృదుల మొహానికి తగిలింది. కళ్ళద్దం పక్కకు జరిగి ఉప్పునీళ్ళు నిండిపోయాయి. ఏమీ కనబడలేదు. కాళ్ళు పైకి తన్నబోయాయి.

తన్నలేదు. ఎడమచెయ్యి చాచి లహరి మోచెయ్యి వెతికి పట్టుకుంది. ఒక ఊపిరి నెమ్మదిగా. ఇంకో ఊపిరి. కుడిచేత్తో కళ్ళద్దం సర్ది, పై అంచు నొక్కి, మొహం పైకెత్తి ముక్కుతో గాలి వదిలింది. సగం నీళ్ళు పోయాయి. మళ్ళీ వదిలింది. ఎదురుగా లహరి కళ్ళు, ఇంతింత చేసుకుని. వెనక కేథరిన్, చెయ్యి సిద్ధంగా పెట్టుకుని, కానీ ముట్టుకోకుండా. మృదుల బాగున్నానని సైగ చేసింది. డైవ్ పూర్తి చేశారు. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు గనక, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. తలమీదే ఎండ తళతళ మెరుస్తున్నా, తాడు పట్టుకుని హాయిగా ఆగింది. ఆ మూడు నిమిషాలు అయిపోవద్దనిపించింది.

పడవలో లహరి మొహం తుడుచుకుంటూ అంది. "ఆ దినం నువ్వు ఇడిచిపోతే మస్తు భయమైంది నాకు. చెప్తే నువ్వు ఇంక దిగవని చెప్పలే. ఇయ్యాల జరంత గూడ భయం కాలేదు."

మిగతా నాలుగు డైవులూ ముగించుకుని, నాంపల్లిలో రైలు దిగి ఇద్దరూ బ్యాగులతోనే దుకాణానికి వచ్చారు. బాలకిషన్ ఒకటే అడిగాడు. "ఎంత?"

"ఇరవై ఆరు మీటర్లు."

ఆయన నలభై ఏళ్ళుగా మీటర్లు కొలుస్తున్న మనిషి. అయినా ఆ లెక్క కంటికి ఆనలేదు. కోటు లోపల వేసే అస్తరు గుడ్డ కొత్త తాను తీసి, ఒక కొస తన చేత్తో పట్టుకుని, మిగతా మడతలు మృదుల చేతిలో పెట్టి నడవమన్నాడు. ఆమె నడుస్తుంటే నల్లటి గుడ్డ గల్లీలో సాగింది. కింద పడితే మాసిపోతుందని బాలకిషన్ అరిచేసరికి, జిరాక్స్ దుకాణపాయన ఒకచోట పట్టుకున్నాడు. టైపు చేసే ఇద్దరు లేచి వచ్చి పట్టుకున్నారు. కోర్టు నుంచి వస్తున్న సదాశివ ఏమిటో తెలియకుండానే చెయ్యి వేసి, తర్వాత సంగతి విని, మధ్యలోంచి ఇటు చివర చూశాడు, అటు చివర చూశాడు.

"గింత కిందికా?" అన్నాడు.

"ఇంకున్నది సార్, ఆగున్రి," అన్నాడు బాలకిషన్.

టీ బండి దగ్గర గుడ్డ అయిపోయింది. ఇరవై రెండే మీటర్లు. మృదుల గుడ్డ కొసను వెంట నడిచొచ్చిన లహరి చేతిలో పెట్టింది. గల్లీ అంతా చూస్తుండగా, ఒట్టి చేతులతో ఇంకో నాలుగు మీటర్లు ముందుకు నడిచి, అక్కడ నిలబడి తండ్రి వైపు తిరిగింది.