కామందు ఎద్దులు దొడ్డికొచ్చిన రోజు

గేదె లోపల, దూడ బయట. మధ్యలో బందెలదొడ్డి ఇనప గేటు. పొదుగు బిగిసిపోయి గేదె ఒకటే అరుపు. కామందు చెరుకుతోటలో నాలుగు గడలు కొరికిందని దొడ్డి కాపలాదారు దాన్ని పట్టుకొచ్చి తాళం వేశాడు.

"దూడనన్నా వదులు తమ్ముడూ, గుక్కెడు తాగుతుంది" అని పాలక్క బతిమాలింది. ఆమె బతికేది ఆ పాలు అమ్ముకునే.

"నేనేం చెయ్యనక్కా? పశువుకు హద్దు తెలీదు, యజమానికి తెలియాలి. నష్టం కట్టేదాకా గేటు తియ్యకూడదు. చట్టం."

ఇరవై ఏళ్లుగా వల్లించిన మాటే అది.

ఆ మధ్యాహ్నమే కామందు ఎద్దులు రెండు కౌలురైతుల చిక్కుడు తోటలో పడ్డాయి. మన చట్టంగారు ఏం చేశాడు? కర్రన్నా ఎత్తకుండా, "పదండి నాయనా" అని బుజ్జగించి వాటిని కామందు కొట్టందాకా దిగబెట్టాడు. ఎప్పుడూ చేసే పనే. ఈసారి మాత్రం పాలక్క గట్టు మీద నిలబడి చూసింది. తిట్టినా బాగుండేది. అతనికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం కళ్లంలో కౌలురైతులందరూ చేరారు. అతను గోడ చాటున నిలబడి విన్నాడు.

"చట్టం మనకేనా, ఆయనకు లేదా?"

"ఎదురుతిరిగితే కౌలు పీకేస్తాడురా!"

"అందరిదీ పీకమను. ఆ భూమి ఎవడు దున్నుతాడో చూద్దాం."

"తాళంచెవి ఆ కామందు కుక్క దగ్గరుందిగా!"

కుక్క అంటే తనే.

మర్నాడు ఎద్దులు మళ్లీ చిక్కుడులో పడ్డాయి. నలభై మంది చుట్టుముట్టి వాటిని దొడ్డికి తోలుకొచ్చారు. ముందు పాలక్క.

"తియ్యి తమ్ముడూ."

తీస్తే ఉద్యోగం ఊడుతుంది. పెళ్లాంబిడ్డలు రోడ్డున పడతారు. అయినా అతను తాళం తీశాడు. ఎద్దులకన్నా ముందు దూడ లోపలికి దూరి తల్లి పొదుగు అందుకుంది. అతను ఆపలేదు. ఎద్దులు లోపలికి వెళ్లాక తాళం వేసి, చెవి పాలక్క చేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్లు పట్టిందా నీకు?" అందామె.

కాసేపటికి కామందు గుమాస్తా పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు.

"తియ్యరా గేటు! ఎవరి ఎద్దులో తెలుసా?"

"తెలుసండీ. పశువుకు హద్దు తెలీదు, యజమానికి తెలియాలి. నష్టం కట్టేదాకా గేటు తియ్యకూడదు. చట్టం." ఆ మాట అని సిగ్గుపడకపోవడం అతనికి ఇదే మొదటిసారి.

పోలీసులు అతన్ని జీపెక్కించారు. తాళంచెవి మాత్రం అతని దగ్గర దొరకలేదు. అది చేతులు మారుతూ జనంలోకి వెళ్లిపోయింది. నలభై మందీ గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

"చెవి ఎవరి దగ్గరుంది?" అని గుమాస్తా అరిచాడు.

"మా దగ్గర" అన్నారు అందరూ.