నూటొకటోవాడు

మా బెటాలియన్ యుద్ధానికి వెళ్ళదు. యుద్ధానికి మనుషుల్ని పంపుతుంది. ఇంగ్లండులో హంబర్ నది సముద్రంలో కలిసేచోట, ఇసుకదిబ్బల మీది రేకుల గుడిసెల్లో మూడేళ్ళుగా జరుగుతున్న పని అదొక్కటే. మూడు వారాలకొకసారి వంద పేర్ల జాబితా గోడకెక్కుతుంది. ఆ వందమందీ సామాను వేసుకుని స్టేషనుకు నడుస్తారు. వాళ్ళ వెనక, అంతే సామానుతో, నూటొకటోవాడు నడుస్తాడు. వందలో ఎవడికి జ్వరమొచ్చినా, ఎవడి కాలు బెణికినా, వాడి బదులు ఇతను రైలెక్కాలి. అందరూ బాగుంటే ఒక్కడే వెనక్కి వస్తాడు. తర్వాతి జాబితాలో మొదటి పేరు అతనిదే.

పంతొమ్మిది వందల పదిహేడు నవంబరులో ఆ నూటొకటోవాణ్ణి నేను.

అప్పటికే ఒకసారి ఫ్రాన్సు వెళ్ళి, తొడలో ఇనుపముక్కతో తిరిగొచ్చాను. అక్కడేం చూశానో చెప్పను. గుడిసెలో ఎవరైనా తడిగుడ్డ నేలమీద పడేస్తే, ఆ చప్పుడుకే నా నోరు ఎండిపోయేది.

జాబితా పడిన రోజునుంచి నేను మంచివాణ్ణయ్యాను. దగ్గినవాడికి నా దుప్పటి ఇచ్చాను. మా ఊరు రోచ్‌డేల్‌లో నేను చెక్క అడుగుల జోళ్ళు చేసేవాణ్ణి కాబట్టి, బూట్లు కరిచినవాళ్ళకి తోలు మెత్తబడేదాకా సుత్తితో కొట్టిపెట్టాను.

"మా అమ్మ కూడా ఇంత చెయ్యలేదురా క్లెగ్. జోల కూడా పాడతావా?" అని నవ్వారు.

నేనూ నవ్వాను. నాది మంచితనమేనని రెండు రోజులు నమ్మాను కూడా.

మూడోరోజు మధ్యాహ్నం ఈనాక్ హాల్‌స్టెడ్ నన్ను వంటశాల వెనక్కి లాక్కెళ్ళాడు. పక్క మంచంవాడు, జాబితాలో అరవై రెండో పేరు. ఊళ్ళో బొగ్గు బండి తోలేవాడు, నలభైకి దగ్గర పడ్డాడు. పైవరుస మొత్తం సైన్యం ఇచ్చిన కట్టుడుపళ్ళు. చేతిరుమాలు విప్పి చూపించాడు. సెట్టు రెండు ముక్కలైంది.

"టాఫీరా," అన్నాడు బోసినోటితో. "మా ఆవిడ పంపింది. పెళ్ళైన పదిహేనేళ్ళకి దెబ్బ కొట్టింది."

"సార్జంటుకి చెప్పావా?"

"చెబితే తోలు తీస్తాడు. సైన్యం సొత్తు పగలగొట్టానని గార్డుగదిలో తోస్తాడు. నీకు చెయ్యి తిరిగిన పనే కదా, అతికించి పెట్టరా. ఎవరికీ చెప్పకు."

పళ్ళు లేనివాణ్ణి డాక్టరు పంపడు, అక్కడి బిస్కెట్టు నమలలేడని. కొత్త సెట్టు రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఈనాక్ ఆ సంగతి ఎరగడు. నేనెరుగుదును. 'ఇది వెళ్ళి చూపించరా, నిన్ను ఆపేస్తారు' అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇటివ్వు," అన్నాను.

సన్నని ఇత్తడి మేకులు, తోలుపనికి వాడే మైనం. గంటన్నర పట్టింది. నా జన్మలో అంత నాజూకైన పని చెయ్యలేదు. చేతులు వణుకుతాయేమోనని చూశాను. వణకలేదు. చెడ్డపని చేస్తున్నానని అప్పుడు నాకనిపించనేలేదు. ఒక మనిషికి సాయపడుతున్న సంతోషం, అచ్చంగా అదే, ఒళ్ళంతా వెచ్చగా పాకింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు భయం.

"దీంతో నమలకు," అన్నాను. "ఊరికే నవ్వు."

"నవ్వడానికేముందిరా అక్కడ?" అంటూ పళ్ళు టకటకలాడించాడు.

మర్నాడు పొద్దున్నే పొగమంచు. సముద్రం మీద ఓడల్ని హెచ్చరించే బూర మూలుగుతూనే ఉంది. డాక్టరు వరస వెంట నడిచాడు. ఈనాక్ దగ్గర ఆగాడు.

"నోరు తెరువు."

తెరిచాడు. డాక్టరు తల వంచి చూశాడు. నేను వీపుమీది మూట పట్టీ బిగించుకున్నాను.

"బావుంది," అని డాక్టరు ముందుకెళ్ళాడు.

స్టేషనులో సార్జంట్ గ్రిమ్‌షా అరిచాడు: "ఒంట్లో బాగోలేనివాడుంటే ఇప్పుడే చెప్పండి! పాపం క్లెగ్ ఎంత ఆశగా నిలబడ్డాడో చూడండి!"

అందరూ నవ్వారు. ఈనాక్ రైలు కిటికీలోంచి వంగి అందరికంటే పెద్దగా నవ్వాడు. "తిరిగొచ్చాక మా ఇంటికి రారా. మా ఆవిడ చేత మాంసం కూరిన రొట్టె చేయిస్తా. టాఫీ మాత్రం వద్దు."

అతని పెదవి పక్కన పచ్చని మైనం తునక అంటుకుని ఉంది. బొటనవేలితో దాన్ని తుడిచాను. కదలకుండా తుడిపించుకున్నాడు.

రైలు కదిలింది.

స్టేషనుదాకా వాయించుకుంటూ వచ్చే మా బ్యాండు తిరిగొచ్చేటప్పుడు వాయించదు. అదొక ఆనవాయితీ. వాయిద్యాలు భుజానేసుకున్న ఆ మనుషుల వెనక, నా మూటతో నేనొక్కణ్ణే నడిచాను. వస్తుందనుకున్న నిశ్చింత దారి పొడుగునా రాలేదు.

పదిరోజులకి ఈనాక్ దగ్గర్నుంచి కార్డొచ్చింది. 'సెట్టు గట్టిగానే ఉంది. ఇక్కడందరికీ నీ పనితనం చూపించాను.' రెండో కార్డు రాలేదు.

నిన్న జాబితా పడింది. మొదటి పేరు నాది. నూటొకటోవాడు టటర్సాల్, నూలుమిల్లులో పనిచేసినవాడు. నాతో ఎప్పుడూ రెండు మాటలు మాట్లాడి ఎరగడు. ఇవాళ సాయంత్రం వేడి టీ పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చాడు.

"క్లెగ్ అన్నా, పొద్దున దగ్గావు," అన్నాడు.

"పొగ గొంతుకి పట్టి."

"అయినా సరే, గొంతు జాగ్రత్త." తన ఉన్ని మఫ్లరు తీసి నా మెడకి చుట్టాడు. ముడి జారకుండా రెండుసార్లు బిగించాడు. అతని చేతులు వెచ్చగా ఉన్నాయి, వణకలేదు. నేను టీ చివరి చుక్క తాగేదాకా అక్కడే నిలబడి, నా గొంతు కదలడం చూస్తూ ఉన్నాడు.