పేషెంటు మాట

"రొట్టె మాడిపోనాది. మాత్ర ఏసుకోలేదేటే ఇయ్యాల?" అన్నాడు మా ఆయన కామేష్, కంచం పక్కకి తోసి.

నేను మాత్రలు మానేసి ఏళ్లయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఉప్పు తగ్గితే మాత్ర, చొక్కా ఇస్త్రీ కాకపోతే మాత్ర, నేను గట్టిగా నవ్వినా మాత్రే. ఇంకో ఆడదానికి కోపమొస్తే కోపం అంటారు. నాకొస్తే జబ్బంటారు. ఒక్కోసారి అరవాలనిపిస్తుంది. అరిస్తే ఏమంటాడో ముందే తెలుసు కాబట్టి నోరు మూసుకుని రొట్టెలకి చోడిపిండి కలుపుతాను. నా కోపాన్ని కూడా నాకు కాకుండా చేసిన మనిషి మీద ఉన్నంత కసి నాకు ఇంకెవరి మీదా లేదు.

మాది జి.మాడుగుల అవతల కొండ మీద ఊరు. విశాఖలో నర్సింగ్ చదివాను, మానసిక రోగుల వార్డులో పనిచేశాను, పైచదువూ అందులోనే చదివాను. పెళ్లయి అరకు వచ్చాక మా అత్త కనకమ్మ చుట్టాలందరి ముందూ "పిచ్చోళ్ల నర్సు" అని నాకు పేరు పెట్టింది. చీకటితో లేచి అందరికీ వండి, అంట్లు తోమి, నర్సింగ్ కాలేజీకి పరిగెత్తి పాఠాలు చెప్పేదాన్ని. శుక్రవారం సంతకి దిగొచ్చినవాళ్లలో నిద్రపట్టనివాళ్లని, చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారనేవాళ్లని కూర్చోబెట్టుకుని వాళ్లు చెప్పింది వినేదాన్ని. హాస్టల్లో ఏ పిల్లయినా ఏడిస్తే వార్డెన్ ఆ గదికి బయట గడియ పెట్టేది. పోట్లాడి ఆ గడియ పీకించాను. పిల్లలు ఏ కష్టమొచ్చినా నా గదికే రావడం అప్పుడే మొదలైంది.

ఇక ఆ మాత్రల సంగతి. మా సుష్మ పుట్టాక పొద్దస్తమానం ఏడుపొచ్చేది. పిల్లని చూస్తే భయమేసేది. మా అత్త దెయ్యం పట్టిందని కోడిని కోయించింది. ఈయన నాటకాలన్నాడు. పచ్చి బాలింతని, ఒళ్లు తూలుతుంటే వంటింట్లోకి తోలారు. ఒక్క పూటైనా పిల్లని ఎత్తుకున్నవాళ్లు లేరు. ఆ జబ్బేమిటో నాకు తెలుసు. నేనే బస్సెక్కి విశాఖ వెళ్లి డాక్టరుకి చూపించుకుని, ఏడాది మందులు వాడి బాగుపడ్డాను.

మా చదువులో ఒక పద్ధతి ఉంది. రోగి గురించి రాసేటప్పుడు ముందు రోగి నోటి మాట రాయాలి, అన్నది అన్నట్టుగా. వెంట వచ్చినవాళ్ల మాట ఆ తర్వాతే. ఆ వచ్చినవాళ్లెవరు, వాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు, అది కూడా రాయాలి. వార్డులో ఆడవాళ్ల కేసు షీట్లు ఎన్ని చూశానో! ఆమె మాట రాయాల్సిన చోట ఖాళీ. కింద పేజీ నిండా మొగుడు. మాట వినదు, ఎదురు చెప్తుంది, వంట మీద ధ్యాస లేదు. ఇవీ జబ్బు లక్షణాలు! మా కాలేజీ పిల్లలకి మొదటి క్లాసులోనే ఇది చెప్తాను, ఒళ్లు మండుతూ చెప్తాను.

ఈమధ్య మా ప్రిన్సిపాల్ రిటైరయ్యారు. సోమవారం నుంచి క్యాంపస్ ఇన్‌చార్జి మీరేనని కరస్పాండెంట్ రమణమూర్తి గారు నాతో చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్తే "ప్రిన్సిపాలమ్మ మొగుడని పిలిపించుకోవాలా నాను?" అన్నాడు ఈయన. ఈయనా ఆశ్రమ పాఠశాలలో మేష్టారే. అత్తయితే, "మా గుంటడికి బేగి కూడు ఎవులు వండి పెడతారు మరి?" అంది. ఆ గుంటడికి నలభై ఆరేళ్లు.

రొట్టె మాడిన రోజే మధ్యాహ్నం రమణమూర్తి గారు పిలిపించారు.

"అమ్మా, మీవారు నిన్న మా ఇంటికొచ్చారు. మీ మేలు కోరే చెప్పార్లెండి. ఎప్పుడో మీకు మైండ్ బాలేక మందులు వాడారటగా? ఇంత బాధ్యత తట్టుకోలేరేమో అని ఆయన బెంగ."

అబద్ధమండీ అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొన్న సంతలో ఒక తల్లితో "జ్వరం లాంటిదేనమ్మా, సిగ్గెందుకు" అన్నది ఈ నోరే.

"నిజమేనండీ. వాడాను, తగ్గిపోయింది."

"అయితే ఒక పని చేయండి. రేపు మీవారిని తీసుకొచ్చి, ఇప్పుడు బాగానే ఉందని ఒక్క మాట చెప్పించండి. చాలు."

ఎవరి బుర్ర ఎలా ఉందో చూసి చెప్పడమే నా ఉద్యోగం. నా బుర్ర బాగుందని మాత్రం మొగుడొచ్చి చెప్పాలట!

ఇంటికెళ్లేసరికి ఈయన టీవీ ముందు కాళ్లు చాపుకుని, నా కోసమే చూస్తున్నాడు. "చెప్తాను, దానికేటి? నోరు తెరిచి అడుగు, చెప్తాను" అన్నాడు.

"కాళ్లట్టుకోయే, మొగుడే కదా" అంది అత్త.

అడగలేదు. అన్నాలు వడ్డించి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున ప్రార్థనకి పిల్లలంతా వరండా ముందు నిలబడ్డారు. రమణమూర్తి గారు గేటు వైపు చూస్తున్నారు, మా ఆయన కోసం. నేను మైకు తీసుకున్నాను.

"నా బిడ్డ పుట్టాక నాకు డిప్రెషన్ వచ్చింది. ఏడాది మందులు వాడాను. నా గురించి వేరేవాళ్లు చెప్పేది మీరు రేపోమాపో వింటారు. అందుకే నా మాట ముందు చెప్తున్నాను."

మూడో ఏడాది పిల్ల భాను చెయ్యెత్తింది. "మేడమ్, మా అక్కకీ అచ్చంగా అలాగే ఉంది. కాన్పయ్యి రెండు నెల్లయింది. తీసుకురానా?"

"రేపే తీసుకురా."

భాను చెయ్యి దించలేదు. రమణమూర్తి గారి వైపు తిరిగింది. "సార్, సోమవారం నుంచి ఇన్‌చార్జి మన మేడమే కదా?"

ఆయన నన్ను చూశారు, గేటు చూశారు, నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్న అంతమంది ఆడపిల్లల్ని చూశారు. "మేడమేనమ్మా, మేడమే" అన్నారు.

సాయంత్రం నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. కామేష్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, వెనక అత్త.

"సిగ్గు నేదా? ఊరందరి ముందూ ఇంటి పరువు తీసేత్తావా? జబ్బొచ్చిందని మైకులో సెప్పుకుంటావేటే?"

చెప్పులు విడిచి, వంటింట్లోకి పోకుండా, ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"జబ్బొచ్చిందని ఒక్కటే చెప్పాను. ఎందుకొచ్చిందని పిల్లలు రేపు అడుగుతారు. ఏటి చెప్పమంటారు?"