పొయ్యి మీద సూపు, వాకిట్లో చేను

కోస్గి పక్క ఊళ్లో నాగరాణి పొద్దున్నే మొక్కజొన్న రవ్వతో మక్క గట్క వండుతుంది. అది ఉడుకుతున్నంతసేపూ, ఆ మక్కలు పండిన ఎకరం చేను గట్లతో సహా లేచి వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. పొయ్యి ఆర్పగానే వెళ్లిపోతుంది. పక్కింటి బిక్షమ్మ అప్పటిదాకా తన మంచం కాస్త జరుపుకుంటుంది, అంతే.

ఆ చేను నాగరాణి మొగుడి వాటా. మొగుడు పోయి ఆరేళ్లయింది. దున్నేదీ విత్తేదీ ఆమే. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారు కాబట్టి, పట్టా మాత్రం బావ భీమయ్య పేరు మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఆ నోరే మాట మార్చింది. కొనే పట్నం పార్టీ ఈ రోజు చేను చూడడానికి వస్తున్నాడని, నచ్చితే రేపే రిజిస్ట్రేషనని చెప్పి పోయాడు భీమయ్య. అడగడానికి రాలేదు, చెప్పడానికే వచ్చాడు.

నాగరాణికి ఒళ్లు మండింది.

"గట్క అరగంటల అయిపోతది. పొద్దుగూకేదాక ఉడికేది ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని కూతురు దీప్తిని అడిగింది.

దీప్తి ఫోన్‌లో మెక్సికో వాళ్ల మక్క సూపు చూపించింది. "తీపి మక్కలైతే ఇరవై నిమిషాలేనట. మనయి ముదురు గింజలు. పాలు పోసుకుంట పోతే ఎంతసేపైనా ఉడుకుతది."

"పరాయి వంటకు మన చేను వస్తదా?"

"మక్కలు ముందుగాల పుట్టింది ఆడనేనట అమ్మా."

గట్కకు విసిరినట్టే మక్కలు రవ్వగా విసిరారు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వెన్నలో వేయించారు. లావు మిరపకాయలు నిప్పుల మీద నల్లగా కాల్చి, పొట్టు తీసి వేశారు. బర్రె పాలు గరిటెడు గరిటెడు పోశారు. క్రీమ్ ఎక్కడ దొరుకుతుంది, మూడు రోజుల మీగడ కలిపారు. తొలి పొంగు వచ్చింది, చేను రాలేదు. అయినా నాగరాణి గరిటె ఆపలేదు. కాల్చిన మిరపకాయ వాసన వాడ దాటిందో లేదో, మక్క ఆకుల చప్పుడు వినబడింది. చేను పరుగున వచ్చి గడపకు ఆనుకుని నిలబడింది.

చేను ఉండాల్సిన చోట భీమయ్య, పార్టీ టేపు పట్టుకుని నిలబడ్డారు. ఇరుపక్కల చేలూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మధ్యలో కొలవడానికి జానెడు నేల లేదు. సాయంత్రందాకా చూసి, ఊళ్లో వాళ్లను అడిగి సంగతి తెలుసుకుని పార్టీ కారెక్కాడు.

"పొయ్యి ఆమె చేతిల ఉంటే జాగా నువ్వెట్ల అమ్ముతవ్?" అన్నాడు పోతూ.

భీమయ్య చరచరా నాగరాణి ఇంటికొచ్చాడు. "ఎన్ని దినాలు ఉడికిస్తవ్ దీన్ని?"

"బర్రె పాలిచ్చినన్ని దినాలు బావా," అంటూ నాగరాణి ఒక గిన్నె నింపి ఇచ్చింది. "నా పేరు ఎక్కిచ్చేదాక గింతే."

కోపంగానే తాగాడు. సిగ్గు విడిచి ఇంకో గిన్నె అడిగాడు.

"సంతకం అయినంక," అంది.

తొమ్మిది రోజులు బిగదీసుకున్నాడు. తల్లీకూతుళ్లు తొమ్మిది రోజులూ వంతులేసుకుని గరిటె తిప్పారు. పాలు చాలనప్పుడు బిక్షమ్మ చెంబుతో తెచ్చి పోసింది. ఇంకో రెండు పార్టీలు వచ్చి, లేని చేనును చూసి పోయాయి. పదో రోజు భీమయ్య తహసీల్ ఆఫీసులో తలవంచుకుని సంతకం పెట్టాడు.

నాగరాణి ఇంకా అక్కడ ఉండగానే ఫోన్ మోగింది. దీప్తి.

"అమ్మా, సూపు ఇంక ఉడుకుతనే ఉంది. చేను మాత్రం లేచి పోతాంది. ఏం జెయ్యాలె?"

నాగరాణి కాగితం మీద తన పేరు మళ్లీ ఒకసారి చదువుకుంది.

"పోనియ్యి బిడ్డా," అంది. "ఇప్పుడు అది యాడున్నా నాదే."