సుంకం ఠాణాలో తక్కెడ

నా బావమరిది నాతో మాట్లాడి పదిహేడు రోజులైంది. ఒకే కొట్టులో, ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని కూడా. మేకులూ బోల్టులూ తూచి అమ్మే కొట్టు మాది. పదకొండేళ్ళ పొత్తు. నెలాఖరుకు విడిపోతానని మా ఆవిడ చేత చెప్పించాడు. అది నాకు గిట్టుబాటు కాదు. సరుకు ఎక్కడ కొనాలో నాకు తెలుసు, కానీ గిరాకీ అతని మొహం చూసి వస్తుంది. పంపకాల్లో మొహం నా వాటాకు రాదు.

"ఇద్దర్నీ ఓ గదిలో పెట్టి తాళం వేస్తే మాటలవే వస్తాయి," అన్నాడు మా స్నేహితుడు ప్లీడరు. ఊరికే అన్నాడనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం నిజంగానే వేయించాడు. మేం కలబడితే విడదీయడానికి పళ్ళ డాక్టరును కూడా వెంటబెట్టుకొచ్చాడు.

అదొక ఆట. గదిని మూడువందల ఏళ్ళనాటి సుంకం ఠాణాలా తయారుచేశారు. చిక్కులు విప్పి గంటలోగా తలుపు తీసుకోవాలి. రాయిలా రంగు వేసిన అట్టగోడలు, ఒక పెట్టె, మూడు సంచులు, తూనికరాళ్ళు, దూలానికి వేలాడే తక్కెడ. తలుపు తాళానికి మూడంకెలు. పక్కనే పలక మీద రాసి ఉంది: "ఏ సంచికి ఎంత బరువని సుంకాధికారి రాసుకున్నాడో అదే తాళం."

"తూకమంటే మీ ఇద్దరి పనే. కానివ్వండి," అన్నాడు డాక్టరు.

ఖాళీ తక్కెడలో ఎడమ పళ్ళెం కిందికి వాలి ఉంది. అది చూశాక నా చేయి ఊరుకోలేదు. జేబులో ఎప్పుడూ నాలుగు మేకులుంటాయి. పళ్ళేలు సరితూగేలా రెండింటిని దారంతో కుడి పళ్ళేనికి పాసంగం కట్టాను. ముల్లు నిటారుగా నిలిచింది. ఎడమవైపు సంచులు పెట్టి తూచాను. నాలుగు, ఆరు, మూడు. తాళం కదల్లేదు. మళ్ళీ తూచాను. అవే అంకెలు.

"డాక్టరుగారూ, ఆ మేకులు తీసెయ్యమని చెప్పండి," అన్నాడు బావమరిది, గోడకేసి చూస్తూ.

"నాకేం చెవుడు లేదు. తప్పుడు తూకం నా చేత్తో వెయ్యనని చెప్పండి," అన్నాను నేనూ డాక్టరుతోనే.

"మమ్మల్ని పోస్టుమాన్లను చేశారు కదరా!" అని ప్లీడరు తల పట్టుకున్నాడు.

అలా ఇరవై నిమిషాలు కరిగిపోయాయి. నేను పెట్టె అడుగు వెతికి లేచేసరికి బావమరిది చేయి కుడి పళ్ళెం కింద ఉంది. దారం విప్పుతున్నాడు. మణికట్టు పట్టుకున్నాను.

"దొరికావు. కొట్టులోనూ ఇదేగా నీ పని?"

"ఏం మాటయ్యా అది?" అన్నాడు ప్లీడరు.

"నీ పొట్లాల్లో మేకులు తూకానికి తగ్గుతున్నాయని ఆరు నెలల కిందట ఒకాయన వచ్చి నా మొహానే అన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

"చేయి వదులు, బావా."

పదిహేడు రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మాట అది. వదిలాను. అతను మేకులు విప్పి నా అరచేతిలో పెట్టి, సంచులు తూచాడు. ఐదు, ఏడు, నాలుగు. తాళం ఊడింది.

"ఈ ఠాణాలో అధికారే దొంగ. వాడు రాసుకున్న బరువు కావాలంటే వాడి తక్కెడ మీదే తూచాలి. నీకేమో ఎక్కడైనా నీ తూకమే సాగాలి."

"మరి కొట్టులో సంగతి?"

"అప్పుడే అడిగుంటే నిన్ను పక్కన నిలబెట్టి తూచి చూపించేవాణ్ణి. అడగలేదు. నేను కట్టిన ప్రతి పొట్లాన్నీ నా వెనక మళ్ళీ తూచావు. నాకు తెలీదనుకున్నావా? విడిపోతానన్నది మరెందుకు?"

నిజమే, తూచాను. ఆరు నెలల్లో ఒక్క పొట్లమూ తగ్గలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తగ్గకపోతే అతను జాగ్రత్తపడ్డాడనుకున్నాను తప్ప, వచ్చి చెప్పినవాడు అబద్ధమాడి ఉంటాడని ఒక్కసారీ అనుకోలేదు.

"ఏదో ఒకటి అనవయ్యా," అని డాక్టరు నా భుజం తట్టాడు. బావమరిది తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

మేం బయటికి వచ్చేసరికి ముందు గదిలో అతను లేడు. ఆట నడిపే అమ్మాయి బల్ల మీది తాళంచెవులన్నీ ఏరి కొక్కేలకు తగిలిస్తోంది.

"మీతో వచ్చినాయన ఇది ఇచ్చి వెళ్ళారండీ," అని ఒకటి పైకెత్తి చూపించింది. "ఏ గదిదో తెలియడం లేదు."

"ఆటది కాదమ్మా. మా కొట్టుది," అని చేయి చాపాను.