హైడ్రోజన్‌కు అడ్డం పడిన బొట్టు

దసరా రోజున మా ఇంటి ఓనరు ఐలమ్మ గారి మీద అరిచాను. అరవడం నాకు కొత్త కాదు. భీమవరంలో నా నోటికి జడిసి పాలవాడు నీళ్లు కలపడం మానేశాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కానీ ఆ అరుపు మాత్రం ఉద్యోగం పోతుందన్న భయంతో వచ్చింది.

నా పరిశోధన లోహాల మీద. గాజుపలక మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన లోహం పూత వేస్తే అది అద్దంలా మెరుస్తుంది. హైడ్రోజన్ తగిలితే ఆ వాయువు లోహంలోకి దూరి, మెరుపు పోయి, అవతలివైపు కనిపిస్తుంది. వాయువు తీసేస్తే మళ్లీ అద్దమే. ఆ హైడ్రోజన్ లోహంలో పక్కకి ఎంత వేగంగా నడుస్తుందో నేను కొలవాలి. అందుకు పూతలో కొంతభాగం కప్పిపెట్టాలి. టేపు అంటిస్తే పూతే ఊడొచ్చేది. పండగ మర్నాడు సమీక్షకు, ప్రాజెక్టుకు డబ్బులిచ్చే సంస్థ నుంచి విశ్వేశ్వరరావు గారు వస్తున్నారు. ఏమీ చూపించలేకపోతే ప్రాజెక్టు మూత, నేను మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకోవాలి.

సెలవుల్లో ఎల్బీనగర్ ల్యాబ్‌లో ఏసీ ఆపేస్తారని, మిగిలిన ఒకే ఒక్క పలకను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాను. నేను పూలకని బజారుకెళ్లి వచ్చేసరికి ఐలమ్మ గారు ఆయుధపూజ కానిచ్చేశారు. నా స్కూటీకి, మిక్సీకి, చివరికి ఆ డబ్బా తెరిచి పలకకి కూడా బొట్టు పెట్టేశారు. రాలిపోకుండా నూనెలో కలిపిన కుంకుమ.

"నీ పనిముట్టు గదే గద బిడ్డా. బండికి వెట్టి దానికి వెట్టకుంటె ఎట్ల?" అన్నారు.

నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆవిడ భరిణె మూసుకుని కిందికి వెళ్లిపోయారు. తుడిస్తే పూత గీసుకుపోతుంది. చేసేదిలేక మర్నాడు అలాగే పట్టుకెళ్లాను.

విశ్వేశ్వరరావు గారి ముందు పలకను బిగించి వాయువు వదిలాను. గాజువైపు నుంచి చూస్తుంటే మెరుపు కరిగిపోయి అవతల ఆయన కళ్లజోడు కనిపించింది. బొట్టున్న చోట మాత్రం గుండ్రటి అద్దం మిగిలింది. నూనె అడ్డుపడి పైనుంచి వాయువు దూరలేదు. కాసేపటికి ఆ గుండ్రం అంచుల నుంచి లోపలికి చిన్నదవడం మొదలైంది. హైడ్రోజన్ పక్కనుంచి, లోహంలోనే నడిచి వస్తోంది. ఇన్నాళ్లూ నేను చూడాలనుకున్నది అదే. ఆయన స్కేలు తెప్పించుకుని, వాచీ చూసుకుంటూ కొలిచారు.

"ఒకసారైతే అదృష్టం అంటారమ్మా. సాయంత్రం నా రైలు. ఈలోపు ఇంకోసారి చూపించండి," అన్నారు.

వాయువు తీసేసి, క్యాంటీన్ నుంచి కుంకుమ, నూనె తెప్పించి కలిపి, పలకలో ఖాళీ ఉన్నచోట నేనే బొట్టు పెట్టబోయాను. స్టిక్కర్లు తప్ప ఎరగని వేలు. పెట్టింది పెట్టినట్టే పాకిపోయింది. పోనీ స్టిక్కరే అంటిద్దామంటే దానికీ టేపు గతే. సిగ్గు చంపుకుని ఐలమ్మ గారికి ఫోన్ చేసి, జరిగినదంతా చెప్పి రమ్మని అడిగాను. రారేమో అనుకున్నాను.

ఆటోలో వచ్చారు, పండగ చీర కట్టుకుని. ల్యాబ్ టోపీ పెట్టుకున్నారు గానీ చేతి తొడుగులు మాత్రం వద్దన్నారు. పలక ముందు నిలబడి నా వైపు చూశారు.

"ఇప్పుడు వెట్టాల్నా? నిన్న వద్దన్నవ్ గద."

"పెట్టండమ్మా," అన్నాను తల ఎత్తకుండా.

తన భరిణె తెరిచి, ఉంగరం వేలితో ఒక్కసారి తాకించారు. అంచు చెదరని బొట్టు పడింది. వాయువు వదిలితే అదే గుండ్రం, అదే నడక. విశ్వేశ్వరరావు గారు రెండు లెక్కలూ సరిచూసుకుని, ఇలాంటి పలకలు ఇంకా చాలా చేయాలి, మీరు వస్తూంటారా అని ఐలమ్మ గారిని అడిగారు.

"గీమె ఈడ కొలువుల ఉంటెనే గద సారూ నేనొచ్చేది. ఉంటదని రాసియ్యుండ్రి, ఒస్త," అన్నారావిడ.

ఆయన నవ్వుతూనే ప్రాజెక్టు కొనసాగించమని రాసి సంతకం పెట్టేశారు. నిన్న నా చేత తిట్లు తిన్న మనిషి ఈరోజు నా ఉద్యోగానికి బేరమాడారు. నేను టోపీ మొహం మీదికి లాక్కుని ఏడ్చేశాను.